అంటు కట్టే చేయి

రెడ్డిగూడెం చుట్టుపక్కల బంగినపల్లి మామిడి తోటల వెనక అంటుకత్తి పనితనం ఉంది. టెంక నాటితే తల్లిచెట్టు గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే అంటు.

అంటు కట్టడమంటే ముందు మొక్కకు కోత పెట్టడమే. మనిషికి గాయమైతే తెల్లరక్తకణాలు రసాయన సంకేతాన్ని పసిగట్టి అటు పాకుతాయి. గట్టి గోడల మధ్య ఉన్న మొక్క కణం కదలలేదు. అయినా దానికి దిక్కు తెలుసు. చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్‌ను పిన్ అనే ప్రోటీన్లు కణం నుంచి కణానికి కిందికి పంపుతాయి. కోత దగ్గర అది పోగుపడి, తెగిన నాళాలను మళ్లీ కలిపేలా కణాలను పురికొల్పుతుంది.

అంటు కట్టేవారి వేళ్లకు ఇదంతా తెలుసు. అంటు పుల్లను తలకిందులు చెయ్యరు. బెరడు కింది పచ్చి పొరను పొరకు ఆనించి, పాలిథిన్ రిబ్బన్ బిగిస్తారు. పొరలు కలవకపోతే అతుకు నిలవదు.

2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గౌరవంలో ఈ చేతులకూ వాటా ఉంది.