కాశీయాత్రచరిత్రలోని మజిలీయూళ్లు

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను గుఱించి మనవారు వ్రాసిన వ్యాసములు చాలవఱకు రెండు సంగతులు చెప్పి ఊరకుండును. తెలుగున వెలువడిన తొలి యాత్రాగ్రంథములలో అది ముఖ్యమైనదనుట మొదటిది; గ్రాంథికమునకు లోబడక, నాడు నోట పలికిన తెలుగున అది వ్రాయబడినదనుట రెండవది. రెండును సత్యములే. గ్రాంథికముననే ఈ వ్యాసము వ్రాయుచున్న నేను రెండవదానిని మెచ్చుట కొంత నవ్వుబాటు గాని, బడిలో చదివి వినిపించునపుడు వీరాస్వామయ్యగారి వాక్యములు నా వాక్యములకంటె త్వరగా పిల్లల చెవికెక్కుట పలుమాఱు చూచితిని. ఇచట నేను చెప్పదలచినది మఱియొక సంగతి. ఈ గ్రంథము పేరుపొందిన క్షేత్రములను గుఱించి చెప్పినదానికంటె, ఎవరును పేరు విననట్టి మజిలీయూళ్లను గుఱించి చెప్పినది విలువైనది. మన విమర్శకులు ఆ పుటలను త్వరత్వరగా త్రిప్పివేయుట వలన గొప్ప నష్టము కలిగినదని నా అభిప్రాయము.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన, ఇంచుమించు నూర్గురు పరివారముతో చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరిరి. పిమ్మట గయ, కలకత్తా, పూరీలు చూచికొని, తూర్పుతీరము వెంట దిగివచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. త్రోవలో కనబడిన సంగతులను వ్రాసి, తమ మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. రెండేండ్లకు పిళ్ళగారు ఆ వ్రాతలను గ్రంథముగా అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మఱల ప్రకటింపకున్నచో నావంటి బడిపంతులుకు అది దొరకియే యుండదు.

మజిలీని గుఱించి వీరాస్వామయ్యగారు వ్రాయు రీతి యించుమించు ఒక్కటే. వెనుకటి ఊరినుండి ఇచటికి ఎంత దూరము. బాట రాతినేలయా, రేగడియా, ఇసుకయా. నడుమ ఏరులు, కనుమలు గలవా. ఊరిలో అంగళ్లు ఎన్ని, ఏ వస్తువులు దొరకును. నీరు బావినీరా, చెఱువునీరా, త్రాగుటకు పనికివచ్చునా. దిగుటకు సత్రము గలదా, తోపు గలదా. ఇది చదువరికి విసుగు పుట్టించునని కొందఱందురు. కథకొఱకు చదువువానికి విసుగే. కాని ఈ పంక్తులను స్థలపురాణముల ప్రక్కన నిలిపి చూడుడు. ఆ స్థలమునకు పోయిన వానికి ఏ ఫలము కలుగునో స్థలపురాణము చెప్పును. పోయినవానికి ఆ స్థలము ఏమి పెట్టగలదో, ఎంత పెట్టగలదో వీరాస్వామయ్యగారు చెప్పుదురు. తెలుగువచనమున ఈ లెక్క ఇంత శ్రద్ధగా వ్రాసిన గ్రంథము అంతకుముందున్నది నేనెఱుగను.

నేటి యాత్రారచనలలో లోపించినది ఈ లెక్కయే. మన పత్రికలలో ఇప్పుడు ఎవరును చూడని చోట్లను చూపు వ్యాసములకు మిక్కిలి గిరాకి. ఒక జలపాతపు ఛాయాపటము, చేరుకొను బస్సుమార్గము, మంచు పడు నెల, ఇంతటితో వ్యాసము ముగియును. చింతపల్లి మన్యములోని లంబసింగి చిన్న ఊరు. తెల్లవాఱుజామున అచట మంచు దట్టముగా పట్టునని వార్త ప్రాకగా, చలికాలపు సెలవుదినములలో కార్లు బారులు తీరుట మనమందఱము వినినదే. ఆ ఊరి నీటిని గుఱించి, ఆ త్రోవను వాడుకొను గిరిజనుల నిత్యకృత్యమును గుఱించి ఒక్క పంక్తియైన వ్రాసిన వ్యాసము నా కంటబడలేదు. చోటు పేరుపొందిన పిమ్మట ఏమగునో తెలియుటకు తమిళనాటివారము మనము దూరము పోనక్కఱలేదు. ఉదకమండలమునకు, కొడైకానలునకు ఎక్కు వాహనములు మితిమీఱగా, మద్రాసు హైకోర్టు ఉత్తరువుపై 2024 మే 7వ తేదీనుండి ఈ-పాసు లేనిదే వాహనములు కొండయెక్కరాదను నియమము వచ్చినది. వ్రాసినవాడు ముందే వేయవలసిన లెక్కను చివరకు న్యాయస్థానము వేయవలసివచ్చెను.

అట్లని వీరాస్వామయ్యగారిని తప్పులేని యాత్రికునిగా నిలబెట్టుట విమర్శకుని పని కాదు. నూర్గురు జనము ఒక చిన్నపల్లెలో దిగినపుడు ఆ పల్లె గతి యేమి? అంగటిలోని బియ్యము, ప్రొయ్యిక్రింది కట్టెలు, పశువులకు గడ్డి ఒక పూటలో ఊడ్చుకొనిపోవును గదా. ఆయన సర్కారు కొలువులోని పెద్దమనిషి. అడిగినదానిని లేదనుటకు పల్లెటూరివానికి గుండె చాలదు. అన్ని వస్తువులు దొరకినవని ఆయన సంతోషముతో వ్రాసిన చోట, మఱునాడు ఆ ఊరివారికేమి మిగిలెనో వ్రాయలేదు. ఆయన యాత్రలో పెద్దభాగము బోయీల భుజములమీద సాగినదను మాట కూడ మఱవరాదు. క్షేత్రములలో యాత్రికులయొద్ద గుంజు పన్నులను మాత్రము ఆయన శ్రద్ధగా గుర్తించిరి. శ్రీశైలమున కందనూరి నవాబు పన్ను, ప్రయాగ, గయ, పూరీలలో కుంపిణీ పన్ను ఉండెడివి. కుంపిణీవారి ఈ పన్ను 1840లో తొలగినది. యాత్రికుడు స్థలమునకిచ్చు సొమ్ము స్థలమునకు చేరకపోవుట నాటినుండి నేటివఱకు ఉన్న వ్యాధియే. ఆయన లెక్క యాత్రికుని ప్రక్కనుండి వేసిన లెక్క. ఊరి ప్రక్కనుండి వేయు లెక్కను మనము చేర్చుకొనవలెను.

ఈ రెండవ లెక్కను నేను పుస్తకమున నేర్చుకొనలేదు, సిగ్గుపడి నేర్చుకొంటిని. తంజావూరు జిల్లాలోని మెలట్టూరు మన సంఘములవారికి ఎఱుక గల పేరే గాని, పోయి చూచినవారు కొలదిమంది. తంజావూరు నాయకరాజగు అచ్యుతప్పనాయకుడు తెలుగుబ్రాహ్మణ కుటుంబములకిచ్చిన అగ్రహారమని సంప్రదాయము. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన తెలుగు నాటకములను అచట నరసింహజయంతికి వరదరాజస్వామి కోవెల యెదుట రాత్రివేళ ఆడుదురు. స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. ప్రహ్లాదచరిత్రలో ధరించు నరసింహుని ముఖమునకు పూజ జరుగును. అరవదేశము నడుమ తెలుగుమాట తెల్లవార్లు వినబడు చోటు ఇంకెచట కలదని ఉప్పొంగి, కొన్నియేండ్ల క్రిందట నేను నలువదిమంది పిల్లలను బస్సులో ఎక్కించుకొని బయలుదేఱితిని. ముందుగా ఎవరికిని జాబు వ్రాయలేదు. వైశాఖమాసపు ఎండ. వీథిలో ఒక అరుగుపై నింపియుంచిన నీళ్లబిందెలను మా పిల్లలు గడియలో కాళీచేసిరి. అవి వేషములు కట్టువారి కొఱకు ఉంచినవట. తినుబండారముల పొట్లముల కాగితములు కాలువగట్టున పడియుండెను. నాటకము మొదలుకాకమున్నే నిద్రకు తూలిన చిన్నపిల్లలు ఏడ్పులంకించుకొనిరి. ఒక ముదుసలి ఇల్లాలు కోపపడక, చీపురు తెచ్చి నా యెదుటనే ఊడ్చుచు, “ఆట చూడ వచ్చినారు సరే, పంతులుగారూ, ఊరిని చూచితిరా?” అని అరవమున అడిగెను. నాకు మాట పెగలలేదు.

మఱుసటి యేడు పదునైదుగురనే తీసికొనిపోతిని. రెండు నెలల ముందే జాబు వ్రాసి, ఏ దినము వచ్చిన వారికి ఇబ్బంది లేదో అడిగితిమి. నీళ్లు, తట్టలు, చాపలు మావే. పోకమునుపు నాటకపు కథను, దరువుల భావమును బడిలో చదివించితిని. దీనివలన నేను తలపని ఫలమొకటి కలిగెను. ప్రేక్షకులలో పెక్కురు అరవమే మాటలాడువారు. నా ఎనిమిదవ తరగతి బాలిక ప్రక్కన కూర్చున్న అవ్వ ఒక దరువు సాగుచుండగా, “ఆ మాటకేమర్థము, పాపా?” అని అడుగుచుండెను, ఆ బాలిక చెప్పుచుండెను. ఇంట అమ్మతోను, బడిలో నాతోను తప్ప తెలుగుతో పనిలేని పిల్ల అది. 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిమ్మట మా తెలుగుతరగతిలో బల్లలు ఏటేట కాళియగుచున్నవి. తెలుగెందుకని ఇంట అడుగు తండ్రులకు నేను చెప్పు సమాధానములన్నిటికంటె ఆ రాత్రి అవ్వ అడిగిన ప్రశ్న బలమైనదిగా తోచినది.

ఊరికి పోవువాడు చేతులు ముడుచుకొని పోరాదు, ఏదో ఒక విద్యను వెంట గొనిపోవలెననుటకు గిడుగు రామమూర్తిపంతులుగారి జీవితము పెద్ద సాక్ష్యము. ఒరిస్సా తెలుగువారికి పర్లాకిమిడిని గుఱించి నేను చెప్పనక్కఱలేదు. వంశధార యొడ్డున ముఖలింగము నేటికిని చాలమంది చూడని చోటు. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయముల శిల్పము చూచి ఆనందించి మరలిపోవచ్చును. రామమూర్తిగారు పాతలిపులను తమంతట తాము నేర్చుకొని, అచటి శాసనములను చదివి, తూర్పుగాంగుల కళింగనగరము అదియేయని నిరూపించిరి. కొండలలోని సవరలయెడ ఆయన చేసినది అంతకంటె పెద్దపని. వారి భాషను ఏండ్లతరబడి నేర్చి, దానికి వ్యాకరణము, నిఘంటువు కూర్చిరి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఆయనను యాత్రికుడని ఎవరును అనరు. అయినను పొరుగుకొండకు పోవుట యెట్లో నాకు ఆయనవలననే తెలిసినది.

మన సంఘములు ప్రకటించు సంచికలలో తెలుగువారి పాతస్థలముల పట్టికలు తఱచుగా కనబడును. కోవెల, శాసనము, కట్టించిన రాజు, ఇంతటితో పంక్తి ముగియును. ఆ పట్టికలు చదివి యువకులు బండ్లు కట్టుకొని పోవుదురు, పోవలెనుకూడ. కావున పట్టిక వ్రాయువారు వీరాస్వామయ్యగారి మజిలీపంక్తిని మఱల చేపట్టవలెనని నా మనవి. త్రాగునీరెచట, మఱుగుదొడ్డి కలదా, అన్నము అమ్మువారు ఊరివారేనా, ఏ దినములలో రాకుండుట మేలు, ఎందఱు ఒక్కసారి రావచ్చును, ఎవరి అనుమతి అడుగవలెను అను సంగతులను చేర్పవలెను. నీరు లేదని తేలిన ఊరి పేరును ఒక యేడు ప్రకటింపకుండుటయు సంపాదకుల పనియే. ప్లాస్టిక్ సంచుల నిషేధము మన రాష్ట్రమున 2019 జనవరి 1నుండి ఉన్నను, కాలువగట్టున నేను చూచిన కాగితములను ఏ చట్టము ఏఱగలదు?

ఈ విధమున మెలట్టూరి పంక్తిని మా పిల్లలచేతనే వ్రాయించితిని. దూరము, బస్సు, కోవెల, నాటకపు రాత్రులు కుదిరినవి. ఎందఱు రావచ్చుననుచోట ఒకడు ముప్పది యనియు, బాలిక పదునైదనియు వ్రాసిరి. ఆ అంకెను కొట్టివేయించి గడిని కాళిగా ఉంచితిని. అది నింపవలసినవారు చీపురు పట్టిన ఆ ఇల్లాలును, ఆమె వీథివారును. రానున్న జయంతికి ముందే ఒకనాడు, పిల్లలు లేకుండ, పోయి అడిగి రావలసియున్నది.