ఆకాంక్ష ఎవరిది? - 'ది డ్రాగన్ ప్రిన్స్' నాలుగో సీజన్ మీద ఒక పరిశీలన

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. "నిన్న రాత్రి మా అన్నయ్య ఆ ఉత్తరాన్ని" అని ఎవరైనా ఆగిపోతే వినేవాడు ఊరుకోడు. చదివాడా, చింపాడా, దాచాడా అని అడుగుతాడు. ఈ అడగటానికి మన శాస్త్రకారులు పెట్టిన పేరు ఆకాంక్ష. వాక్యార్థం కలగటానికి ఆకాంక్షతో పాటు యోగ్యత, సన్నిధి కూడా కావాలన్నారు. తర్కశాస్త్రం మొదలుపెట్టేవాళ్ళకు ఇప్పటికీ పాఠం చెప్పే తర్కసంగ్రహంలో ఈ మూడింటి ప్రస్తావన ఉంది. అది రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని ప్రసిద్ధి. ఉదాహరణలు పాతవే. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే వాక్యం కాదు, ఒక మాట మరో మాటను కోరటంలేదు కనక. నిప్పుతో తడపమంటే ఆకాంక్ష తీరుతుంది గాని యోగ్యత లేదు. ఒక మాట ఇప్పుడు పలికి, రెండోది జాము గడిచాక పలికితే సన్నిధి లేదు.

ఈ మూడు మాటల్నీ ఒక యానిమేషన్ ధారావాహికకు పట్టించి చూడటం నా ఉద్దేశం. చెన్నైలోనో, బెంగుళూరులోనో, బరంపురంలోనో తెలుగు చదివే మన విద్యార్థులు తెలుగు విమర్శ పరిభాష ప్రబంధాలకే పనికివస్తుందనీ, తాము నిజంగా ఇష్టపడి చూసేవాటికి ఇంగ్లీషు పరిభాషే దిక్కనీ అనుకొంటూ ఉంటారు. అది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యం. వాళ్ళు రాసే సమీక్షల్లో "సీజన్ బాగాలేదు" అన్న మాటా "అనుకొన్నట్టు లేదు" అన్న మాటా ఒకే అర్థంలో పడుతున్నాయి. ఇవి రెండూ ఒకటి కావు. రెండోది విమర్శ ఎప్పుడవుతుంది, ఎప్పుడు కాదు అన్నది తేల్చుకోవాలి.

'ది డ్రాగన్ ప్రిన్స్' 2018 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. సృష్టికర్తలు ఆరన్ ఇహాజ్, జస్టిన్ రిచ్‌మండ్. మనుషులకూ, ఎల్ఫులనే మాయాజాతికీ, డ్రాగన్లకూ మధ్య తరాల వైరం. డ్రాగన్ల రాజును మనుషులు చంపారు, అతని గుడ్డునూ నాశనం చేశారని అందరూ నమ్మారు. గుడ్డు బతికే ఉంది. దాన్ని తల్లి దగ్గరికి చేర్చటానికి ఇద్దరు రాకుమారులు - కాలమ్, ఎజ్రన్ - వాళ్ళ తండ్రి హారో మహారాజును చంపటానికి వచ్చిన దళంలోని రేలా అనే ఎల్ఫు పిల్లతో కలిసి బయలుదేరతారు. ఏడు సీజన్లు, సీజనుకు తొమ్మిది ఎపిసోడ్ల చొప్పున 63 ఎపిసోడ్లు. 2024 డిసెంబరులో ఏడో సీజన్ వచ్చింది.

అభిమానులు అతిగా ఊహిస్తారన్న నింద సాధారణంగా వింటాం. ఈ ధారావాహిక విషయంలో ఆ నింద సగమే నిజం, ఎందుకంటే అతిగా వినటం వాళ్ళకు నేర్పింది ధారావాహికే. ఇందులో ప్రకృతిశక్తులతో చేసే మంత్రాలు లాటిన్ మాటల్లో ఉంటాయి. ప్రాణుల్ని బలిపెట్టి చేసే చీకటి విద్య మంత్రాలు వినటానికి అర్థంలేని ధ్వనుల్లా ఉంటాయి గాని, అవి తలకిందులు చేసిన ఇంగ్లీషు వాక్యాలు. చూసేవాళ్ళు వాటిని వెనక్కి తిప్పి చదువుకొన్నారు. (మన విద్యార్థులకు ఇక్కడొక చిన్న పని ఉంది. తెలుగులో తలకిందులు చెయ్యాలంటే దేన్ని తిప్పాలి? అక్షరాలను తిప్పితే 'కమల' 'లమక' అవుతుంది. ధ్వనులను తిప్పితే 'అలమక్' అవుతుంది. లిపి వేరు, భాష వేరు అని చెప్పటానికి నాకింతకంటే సులువైన ఉదాహరణ దొరకలేదు. విలోమ కావ్యం రాసిన వేంకటాధ్వరి తిప్పింది అక్షరాలనే.) అలాగే అమాయా అనే సేనాని బధిర. ఆమె మాట్లాడేది అమెరికన్ సంజ్ఞా భాష. గ్రెన్ అనే సహచరుడు ఆమె మాటల్ని పైకి పలుకుతాడు. అతను పక్కన లేనప్పుడు, చనిపోయిన అక్క విగ్రహం ముందు ఆమె చేసే సంజ్ఞలకు అనువాదమే ఇవ్వలేదు. ఆ భాష తెలిసినవాళ్ళకే ఆ మాటలు అందుతాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా పెరిగిన మనవాళ్ళకు ఆ దృశ్యం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

సీజన్ల పేర్లు కూడా ఇటువంటి పనే చేశాయి. కథలో ప్రకృతిశక్తికి ఆరు మూలాలు. మొదటి మూడు సీజన్ల పేర్లు చంద్రుడు, ఆకాశం, సూర్యుడు. ఇక మిగిలినవి భూమి, సముద్రం, నక్షత్రాలు అని ఎవరైనా లెక్క కట్టగలరు. సీజన్లు ఏడని ప్రకటించాక ఏడోది ఏమిటన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. హారో మహారాజు సంగతీ అంతే. అతని ప్రాణం కాపాడటానికి ఆత్మను మరో శరీరంలోకి మార్చే ఉపాయం ఉందని మంత్రవేత్త విరెన్ చెప్తాడు, రాజు కాదంటాడు, తరవాత రాజు చావును తెరమీద చూపరు, రాజు పెంచుకొనే పిప్ అనే పిట్ట మాత్రం విరెన్ దగ్గర పంజరంలో కనిపిస్తుంది. రాజు ఆ పిట్టలో ఉన్నాడా అని ఏళ్ళ తరబడి వాదించుకొన్నారు. జవాబు సంగతి ఇక్కడ ఎత్తి, చూడనివాళ్ళకు రసభంగం చెయ్యను. ప్రశ్నను లేపింది మాత్రం మొదటి సీజనే. ఇది వాక్యంలోని ఆకాంక్షే గాని వినేవాడి పేరాశ కాదు. ఆకాంక్ష నిజానికి వినేవాడి జిజ్ఞాస, దాన్ని మాటకు ఆరోపిస్తాం అన్న చర్చ శాస్త్రంలోనే ఉంది. అయినా ఏ జిజ్ఞాసను ఏ మాట లేపిందో చూపించగలగాలి. చూపించలేనిది కోరిక.

కోరికకు ఉదాహరణలూ ఉన్నాయి. ఇహాజ్ అంతకు ముందు 2005-2008 మధ్య వచ్చిన 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'కు ప్రధాన రచయితగా పనిచేశాడు. అందుచేత చాలామంది ఇందులో దాన్నే వెదికారు. విరెన్ పిల్లలు సోరెన్, క్లాడియాలు ఆ కథలోని అన్నాచెల్లెళ్ళ దారిలోనే నడవాలని ఆశించి, నడవనప్పుడు లోపమన్నారు. ఒక కవి రెండో కావ్యాన్ని మొదటి కావ్యం కాలేదని తప్పుపట్టటం లాంటిదిది. దీనికి భిన్నంగా, మొదటి సీజన్లో బొమ్మల కదలిక తడబడుతోందని వచ్చిన ఫిర్యాదు న్యాయమైంది. త్రిమితీయంగా తయారుచేసిన బొమ్మలకు చేత్తో గీసిన వాలకం రావాలని ఫ్రేములు తగ్గించారు, కదలిక కుదుపులుగా కనిపించింది. నిర్మాతలు ఆ మాట విని రెండో సీజన్లో సరిచేశారు. అది పనితనం గురించిన మాట, ఊహ గురించింది కాదు.

ఇక నాలుగో సీజన్. మూడోది 2019 నవంబరు 22న వచ్చింది, నాలుగోది 2022 నవంబరు 3న. మొదటి రెండింటి మధ్య అయిదు నెలలే. ఒక సీజన్లోని తొమ్మిది ఎపిసోడ్లూ ఒకే రోజున వదులుతారు కాబట్టి సీజన్ లోపల సన్నిధి కావలసినదానికంటే ఎక్కువ, సీజన్ల మధ్య దాదాపు లేనే లేదు. మన పిల్లల పత్రికల అలవాటు వేరు. 1947లో మద్రాసులో మొదలైన చందమామలో, 1954 నాటి 'తోకచుక్క' మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం గారి మాంత్రిక ధారావాహికలు నెలనెలా వచ్చేవి, చిత్రా గారి బొమ్మలతో. నెల అనేది పాఠకుడు కథను మరిచిపోనంత తక్కువ, తన సొంత కథ అల్లుకొని దానికే కట్టుబడిపోనంత తక్కువ కూడా. మూడేళ్ళు అలా కాదు. మూడేళ్ళలో పన్నెండేళ్ళ పిల్లవాడు కాలేజీ మెట్ల దగ్గరికి వస్తాడు, వాడు అల్లుకొన్న నాలుగో సీజన్ అసలు దానికంటే వాడికి బాగా తెలుసు.

మూడో సీజన్ చివర ఏముంది? విరెన్ శిఖరం మీదినుంచి పడి చచ్చిపోయాడు. కూతురు క్లాడియా బతికించింది. కళ్ళు తెరిచాక ఆ గుహలో ఒక పెద్ద పట్టుగూడు లాంటిది కనిపిస్తుంది. అద్దంలో బందీగా ఉన్న ఆరవోస్ అనే నక్షత్ర ఎల్ఫు విరెన్ చెవిలో పెట్టుకోవటానికి పంపిన పురుగు అది, ఇప్పుడు గూడు కట్టుకొంది. అక్కడ కథ ఆగింది. అందులోంచి ఆరవోసే దిగుతాడని మూడేళ్ళపాటు చాలామంది నమ్మారు. నాలుగో సీజన్లో అందులోంచి వచ్చింది సర్ స్పార్కిల్‌పఫ్ అనే వికారపు బుడతడు; చేసేవన్నీ కోతిచేష్టలే. ఆరవోస్ రాలేదని కోపగించటం కోరిక మాట. ఆ గూడు "లోపల ఏముంది" అని అడిగించింది, జవాబు వచ్చింది, ఆకాంక్ష తీరింది. కాని భయానకంగా ఎత్తుకొన్న వాక్యాన్ని వెకిలి హాస్యంతో ముగించటంలో యోగ్యత లోపించింది. నిప్పుతో తడిపారు. ఆ సీజన్ హాస్యమంతా చిన్నపిల్లల స్థాయికి దిగిందన్న విమర్శకు కూడా ఇదే మూలమనుకొంటాను. హాస్యం ఉండటం తప్పు కాదు. మొదటి సీజన్లో అంతకంటే ఎక్కువే ఉంది. అయితే అక్కడ అది భయాన్ని మోసే చోట అడ్డు రాలేదు.

అసలు గట్టి ఫిర్యాదు రేలాది. మూడో సీజన్ చివరికి కాలమ్, రేలా ఒకటయ్యారు. అతడు ఆమెను పడిపోకుండా పట్టుకోవటానికే రెక్కలు మొలిపించుకొన్నాడు. నాలుగో సీజన్ రెండేళ్ళ తరవాత, కాలమ్ పుట్టినరోజున మొదలవుతుంది. రేలా లేదు, రెండేళ్ళ కింద వెళ్ళిపోయిందట. ఆ ఎపిసోడ్ ముగిసేలోపల తిరిగొస్తుంది. వెళ్ళిపోయిన సంగతి సంభాషణల్లో తెలుస్తుంది గాని వెళ్ళటం తెరమీద ఎక్కడా లేదు. అది 2020లో వచ్చిన 'త్రూ ది మూన్' అనే బొమ్మల నవలలో ఉంది: విరెన్ బతికే ఉన్నాడన్న అనుమానంతో, కాలమ్‌కు ఉత్తరం రాసిపెట్టి ఆమె ఒంటరిగా వెళ్ళిపోతుంది. అంటే కర్త ఒక పుస్తకంలో, క్రియ ఇంకో పుస్తకంలో. వాక్యంలో చెప్పని మాటను వినేవాడు తెచ్చుకోవటాన్ని అధ్యాహారం అంటాం. "ఎక్కడికి?" అంటే "ఊరికి" అని జవాబు చెప్తాం, 'వెళ్తున్నాను' అన్నది వినేవాడు చేర్చుకొంటాడు. కాని దానికి ఆధారం ఆ సందర్భంలోనే ఉండాలి, అంగట్లో వేరే కొనుక్కోవలసిన వస్తువుగా ఉండకూడదు. ధర సంగతి అలా ఉంచండి, ఆ పుస్తకం ఉందని తెలియనివాళ్ళు ఎందరో! వాళ్ళకు కాలమ్ కోపం కారణంలేని కోపంగా, రేలా మౌనం బిగుసుకుపోయిన నటనగా కనిపించాయి. "మా జంటను విడదీశారు" అని కొందరు అభిమానులు ఏడ్చారు, నిజమే. విడదీయటం రచయితల హక్కు. విడిపోవటాన్ని చూపకుండా విడిపోయాక వచ్చిన బాధను మాత్రం పంచుకోమనటం హక్కు కాదు. ఇక్కడ అభిమానుల మాటే విమర్శ. కాకపోతే వాళ్ళు దానికి పెట్టుకొన్న పేరు తప్పు.

పోల్చటానికి మనకు దగ్గరి ఉదాహరణ 'బాహుబలి'. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో 2015 జులైలో మొదటి భాగం ఆగింది, 2017 ఏప్రిల్ దాకా జనం ఆగారు. ఇరవైఒక్క నెలల ఎడం తక్కువేమీ కాదు. అయినా ప్రశ్న ఒకటే, దాన్ని అడిగించింది చిత్రమే, జవాబూ చిత్రంలోనే ఉంది. జవాబు నచ్చనివాళ్ళు ఉన్నారేమో గాని జవాబు ఎక్కడుందో వెతుక్కోవలసి రాలేదు.

నాలుగో సీజన్ చూసి మానేసినవాళ్ళు పోగొట్టుకొన్నది ఆరో సీజన్‌ను. ఆరవోస్ ఎందుకు పతనమయ్యాడు, ఎందుకు బందీ అయ్యాడు అని రెండో సీజన్నుంచి అడుగుతూ వచ్చారు; అధికారదాహం, ద్రోహం వంటి జవాబులు ఎన్నో ఊహించారు. 2024 జులైలో వచ్చిన ఆ సీజన్ చెప్పిన జవాబు లియోలా. అది అతని కూతురి పేరు. మనుషులకు మాయాశక్తిని ఇచ్చినందుకు ఆ పసిదానికి నక్షత్ర ఎల్ఫుల సభ మరణశిక్ష వేసింది. ఎవరూ అడగని కూతురు వచ్చి అడిగినవాటన్నిటికీ జవాబు అయింది. అంతకు ముందు అతను విరెన్‌తో, క్లాడియాతో పలికిన ప్రతి మాటా - ముఖ్యంగా తండ్రీకూతుళ్ళ గురించి పలికినవి - వెనక్కి వెళ్ళి మళ్ళీ వింటే వేరే అర్థం ఇస్తాయి. నాలుగు సీజన్ల కింద పలికిన పదానికి ఇప్పుడు అన్వయం కుదిరింది. సన్నిధి లేకపోయినా కుదిరిందే అంటారేమో. ఇక్కడ పదాలన్నీ అదే గ్రంథంలో ఉన్నాయి. మరిచిపోతే మళ్ళీ తెరిచి చూసుకోవచ్చు. రేలా విషయంలో అది లేదు.

ఏడో సీజన్ చివర ఆరవోస్ నశించినట్టే ఉంటుంది గాని ఏడేళ్ళకు తిరిగివస్తాడని కథే చెప్తుంది. క్లాడియా దొరకదు. ఏడు సీజన్లని ముందే చెప్పి ముగించారు కదా, ఇంకా కావాలని అడగటం మొండితనమని కొందరు విసుక్కొన్నారు. ఏడు అన్నది నిర్మాతలు ప్రకటించిన అంకె. ఏడేళ్ళు అన్నది కథలో పలికిన మాట. అభిమానులు రెండోదాన్ని పట్టుకొని అడుగుతున్నారు, ఈసారి నేను వాళ్ళ పక్షమే.