శూర్పణఖ తోట

మదనపల్లె మండీలో టమాటాను రంగూ సైజూ చూసి ఏరుతారు, రుచి ఎవరూ అడగరు. కలికిరిలో కాలేజీకి బయల్దేరే ఆడపిల్ల అద్దం ముందు తనను తాను అట్లే ఏరుకుంటుంది. కొనేవాడి కన్నూ తనదే, కాయా తానే. 1997లో అమెరికా మనస్తత్వవేత్తలు బార్బరా ఫ్రెడ్రిక్సన్, టోమీ ఆన్ రాబర్ట్స్ ఈ అలవాటును సిద్ధాంతంగా రాశారు. పరాయి కళ్లతో ఒంటిని అస్తమానం కనిపెట్టుకుంటూ ఉంటే సిగ్గూ బెదురూ పెరుగుతాయి, పనిలో మునిగిపోవడం తగ్గుతుంది, ఒంటి లోపలి సంగతులు తెలియకుండా పోతాయి. అవన్నీ కలిసి కుంగుబాటుకు దారి తీయవచ్చని వాళ్ల వాదన. మరుసటి ఏడు అచ్చయిన ప్రయోగంలో, ఈతదుస్తులు వేసుకుని లెక్కలు చేసిన అమ్మాయిలు స్వెటర్ వేసుకున్నవాళ్ల కన్నా తక్కువ చేశారు. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు.

సిద్ధాంతం పేరెత్తకుండా ఇదే బాధను ఓల్గా ‘సమాగమం’లో కథ చేశారు. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ అడవిలో తోట పెంచుకుని బతుకుతుంటుంది. ఆమెను మొదట మనకు చూపేది లవకుశులు. తోట అందం, ఆమె కురూపం రెండూ పిల్లల నోటనే వస్తాయి. చూపు పసితనంలోనే ఎట్లా తయారవుతుందో చెప్పడానికి రచయిత్రి వేరే వాక్యం ఖర్చు పెట్టలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అదే.

తర్వాత సీత ఆమెను వెతుక్కుంటూ వస్తుంది. ఒకే ఇంటి మగవాళ్ల వల్ల దెబ్బతిన్న ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే తిట్లు, శాపాలు వస్తాయనుకుంటాం. రావు. అందం పోయాక తనను తానే అసహ్యించుకున్న రోజుల గురించి, అందమైనదేదీ కంటికి కిట్టని కసి గురించి శూర్పణఖ చెబుతుంది. కొత్త ముక్కు మొలవదు, ‘మనసు అందమే అందం’ అన్న ఓదార్పూ ఉండదు. మట్టిలో దిగిన చేతులు ఏం చేయగలవో చూసుకోవడంతో ఆమె తేరుకుంటుంది. ఒళ్లు ఎట్లా కనబడుతుందన్న ప్రశ్న పక్కకుపోయి, ఒళ్లు ఏం చేస్తుందన్నది ముందుకొస్తుంది. పరిశోధకులు చెప్పిన ముడి సరిగ్గా అక్కడే వదులవుతుంది.

ఒక్క లోటు ఉంది. ఏళ్ల కుంగుబాటు ఒక సంభాషణలో ఒదిగిపోయింది. బయట అది అంత తొందరగా కదలదు, చాలామందికి వైద్యం కావాలి.

2015లో సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ‘విముక్త’ సంపుటిలో ఈ కథ ఉంది. ఇంట్లో ఆడపిల్ల ఉంటే చదివించండి, మగపిల్లవాడుంటే అతని చేత ముందు చదివించండి.