కర్త లేని కోపం: వాషింగ్టన్ హార్డ్‌కోర్ పాట గురించి

కేక కళ అవుతుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. ప్రతి తరంలోనూ ఎవరో కొందరు గొంతు చించుకుని అరుస్తారు. వెంటనే విమర్శకులు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షం అది క్షీణ సంస్కృతి అని తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటుంది. రెండో పక్షం, అందులో కోపం ఉంది కాబట్టి అది తిరుగుబాటేనని భుజానికెత్తుకుంటుంది. కృతిని దగ్గర పెట్టుకుని పరిశీలించే ఓపిక ఈ ఇద్దరిలో ఎవరికీ ఉండదు. 1965–68 మధ్య దిగంబర కవుల సంపుటాలు మూడు వెలువడినప్పుడు మన దగ్గర జరిగింది చాలావరకు ఇదే. 1980 ప్రాంతంలో అమెరికాలో తలెత్తిన హార్డ్‌కోర్ పంక్ అనే సంగీతానికి అక్కడ ఎదురైందీ ఇదే. ఈ రెండింటినీ పోల్చడం నా ఉద్దేశం కాదు. దేశాలు వేరు, కళలు వేరు. హార్డ్‌కోర్‌ను, అందులోనూ వాషింగ్టన్ నగరపు హార్డ్‌కోర్‌ను, వస్తువు, రూపం, ఉత్పత్తి అనే మూడు వైపుల నుంచీ చూస్తే ఏం తేలుతుందన్నదే ఇక్కడి విషయం.

ముందు రూపం. 1970ల మధ్యకాలంలో న్యూయార్కులోనూ లండన్‌లోనూ పుట్టిన పంక్ సంగీతాన్ని రెండు మూడేళ్ళలోనే పెద్ద కంపెనీలు నున్నగా చెక్కి, కొత్త పేరు పెట్టి అమ్మకానికి పెట్టాయి. దానికి జవాబుగా పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళు అదే సంగీతాన్ని రెట్టింపు వేగంతో, సగం నిడివిలో వాయించడం మొదలుపెట్టారు. పాట నిమిషంలో అయిపోతుంది. ఒక్కోసారి అంతసేపు కూడా ఉండదు. గిటారు మీద ప్రదర్శన లేదు, విరామం లేదు, రాగం తీసే చోటు లేదు. డ్రమ్ము రెండే దెబ్బల మీద పరిగెడుతుంది. ఇక గిటారు వాయించే తీరు గురించి మన సంగీత పరిభాషలోనే ఒక మాట చెప్పవచ్చు. వాళ్ళు మోగించే స్వరాలు ముఖ్యంగా రెండే: షడ్జమం, పంచమం. మధ్యలో ఉండవలసిన గాంధారం ఉండదు. పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరసమూహం ఉల్లాసంగా వినపడాలో దిగులుగా వినపడాలో తేల్చేది ఆ గాంధారమే. దాన్ని తీసేస్తే మిగిలేది సంతోషమూ కాదు, విషాదమూ కాదు, ఉత్త ఒత్తిడి. విద్యుత్ గిటారు ధ్వనిని బాగా పగలగొట్టి వినిపించేటప్పుడు గాంధారం చేరితే అంతా బురద అవుతుంది గనక దాన్ని వదిలేశారన్నది వాయించేవాడి కారణం. ఆ వదిలెయ్యడంలోంచి వచ్చిన రసం ఏమిటన్నది విమర్శకుడు చూడవలసిన విషయం. దయకు చోటు లేని ధ్వని అది.

"వాయించడం రాక అలా వాయిస్తారు" అనే మాట ఒకటుంది. దానికి జవాబు వాషింగ్టన్‌లోనే దొరుకుతుంది. బ్యాడ్ బ్రెయిన్స్ బృందంలో నలుగురూ నల్లజాతి యువకులు. పంక్ వైపు రాకముందు వీళ్ళు జాజ్, రాక్ కలిపిన చిక్కు సంగీతం వాయించేవాళ్ళు. చేతిలో అంత విద్య ఉండి, దాన్నంతా ఒక్క వేగంలోకి కుక్కారు. 1980లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డు పాట నిడివి సుమారు ఒకటిన్నర నిమిషం. అంత వేగంలోనూ ఒక్క దెబ్బ తప్పిపోదు. 1982లో క్యాసెట్టుగా వచ్చిన వాళ్ళ తొలి సంకలనంలో ఈ పరుగు పాటల మధ్య తాపీగా నడిచే జమైకా రెగే పాటలు కూడా ఉన్నాయి. వాటిని విన్నాక ఆ వేగం చేతగానితనం కాదనీ, ఎంపిక అనీ వేరే చెప్పనక్కరలేదు. నగరంలోని తెల్ల కుర్రాళ్ళకు వేగమంటే ఏమిటో చూపించింది ఈ నలుగురు నల్లవాళ్ళే. తర్వాత ఉద్యమం పేరు చెప్పగానే గుర్తుకొచ్చిన ముఖాలు మాత్రం ఎక్కువగా తెల్లవి. ఇది అమెరికా సంగీత చరిత్రలో మొదటిసారి జరిగిన పని కాదు.

ఆ తెల్ల కుర్రాళ్ళు ఎవరు? కార్మికుల పిల్లలనుకుంటే పొరపాటు. చాలామంది మధ్యతరగతి ఉద్యోగుల, రచయితల, అధికారుల పిల్లలు. మైనర్ థ్రెట్ గాయకుడు ఇయన్ మకాయ్ ఒక పత్రికా రచయిత కొడుకు. 1981 జనవరిలో రీగన్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఆగస్టులోనే సమ్మె చేసిన విమాన నియంత్రణ ఉద్యోగులను పదకొండు వేల మందికి పైగా ఇంటికి పంపాడు. ఆ కాలపు రాజధానిలో ఉంటూ కూడా మైనర్ థ్రెట్ తొలి పాటల్లో ఈ ప్రస్తావన కనపడదు. వాళ్ళ కోపం తోటి కుర్రాళ్ళ మీద: తాగి తూలేవాళ్ళ మీద, మాట తప్పిన స్నేహితుల మీద, పెద్దరికం చూపించేవాళ్ళ మీద. వస్తువు దృష్టితో చూస్తే ఇది ఇరుకు గది.

అయితే అదే కుర్రాళ్ళు ఉత్పత్తి విషయంలో చేసింది వేరు. మైనర్ థ్రెట్‌కు ముందు మకాయ్, డ్రమ్మరు జెఫ్ నెల్సన్ టీన్ ఐడిల్స్ అనే బృందంలో ఉండేవాళ్ళు. 1980లో ఆ బృందం విడిపోయేనాటికి ప్రదర్శనల మీద మిగిలింది సుమారు 600 డాలర్లు. పంచుకుంటే తలా కొంచెం వచ్చేది. పంచుకోలేదు. ఆ డబ్బుతో వెయ్యి కాపీల రికార్డు అచ్చు వేయించారు. ఒక ఇంగ్లండు రికార్డు అట్టను విప్పి, ఆ కొలతల ప్రకారం అట్టలు అచ్చు వేయించి, కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి తామే అంటించుకున్నారు. డిస్కార్డ్ రికార్డ్స్ అనే సంస్థ అలా మొదలైంది. రాతపూర్వక ఒప్పందాలు లేకుండా, లాభం బృందాలతో పంచుకుంటూ ఈనాటికీ నడుస్తోంది. సొంత డబ్బుతో కవితా సంపుటి వేసుకుని, ఊరూరా సంచిలో మోసుకు తిరిగిన తెలుగు కవులకు ఈ పని విలువ విడమరిచి చెప్పక్కరలేదు. ఒక తేడా మాత్రం ఉంది. మనవాడు రెండో పుస్తకం నాటికి అప్పుల్లో ఉంటాడు. వీళ్ళు అమ్మిన రికార్డుల డబ్బుతో తర్వాతివి, వాటిలో వేరేవాళ్ళవి కూడా, వేశారు. పాటల్లో కనపడని రాజకీయం ఈ లెక్కల పుస్తకంలో కనపడుతుంది. నా దృష్టిలో వాషింగ్టన్ హార్డ్‌కోర్ సాధించినవాటిలో ఇదే గట్టిది.

ఇప్పుడు పాఠం దగ్గరికి వద్దాం. 1981లో మైనర్ థ్రెట్ పాడిన "స్ట్రెయిట్ ఎడ్జ్" నిడివి 46 సెకండ్లు. మత్తు అక్కరలేదు, నా తెలివి నాకు చాలు అని అందులో ఒక కుర్రవాడు చెప్పుకుంటాడు. అదే సంవత్సరం వచ్చిన "అవుట్ ఆఫ్ స్టెప్" మరో అడుగు ముందుకు వేసింది. పొగ, తాగుడు, మనసు లేని దేహ సంబంధం, ఈ మూడింటినీ ఆ పాట వరసగా కాదంటుంది. చిక్కేమిటంటే ఆ వాక్యాల్లో కర్త లేదు. తెలుగులో ఈ ఇబ్బంది రాదు. "తాగను" అంటే నేను, "తాగకు" అంటే నువ్వు. క్రియ చివరి అక్షరమే మనిషిని పట్టిస్తుంది. ఇంగ్లీషులో కర్తను జారవిడిస్తే సొంత ప్రతిజ్ఞ, ఎదుటివాడికి ఆజ్ఞ రెండూ ఒకే రూపంలో ఉంటాయి. ఇది ఆజ్ఞలా వినపడుతోందని నెల్సన్ అభ్యంతరం చెప్పాడు. 1983లో ఆ పాటను మళ్ళీ రికార్డు చేసినప్పుడు, ఇది ఎవరికీ నియమావళి కాదన్న వివరణను మకాయ్ పాట మధ్యలో మాటలుగా చేర్చాడు. అచ్చయిన పాఠంలో "నేను" అన్న మాట కుండలీకరణాల్లో వచ్చి కూర్చుంది.

కుండలీకరణాలు పనిచేయలేదు. వ్యక్తి తనకోసం చెప్పుకున్న మాట అప్పటికే సంఘానికి శాసనమైపోయింది. తర్వాతి ఏళ్ళలో ఎదుటివాడి చేతిలోని సిగరెట్టును, బీరు సీసాను కొట్టిపారేసే కుర్రాళ్ళు తయారయ్యారు. 1990లలో సాల్ట్ లేక్ సిటీ పోలీసులు ఈ "మత్తు ముట్టని" కుర్రాళ్ళ గుంపులను వీధి ముఠాల లెక్కలో వేసుకున్నారు. దీనికంతటికీ కవిని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదని మిత్రులు అంటారు. బాధ్యుణ్ణి చేయమని నేనూ అనడం లేదు. వ్యాకరణాన్ని చూడమంటున్నాను. ఆజ్ఞకూ ప్రతిజ్ఞకూ తేడా తెలియని వాక్యాన్ని అంత వేగంతో, అంత కోపంతో అరిచినప్పుడు వినేవాడి చెవి ఆజ్ఞనే పట్టుకుంటుంది. ఇక్కడ వేగం అర్థాన్ని తేల్చేసింది. రూపం తటస్థంగా ఉండదని మనం ఊరికే అనడం లేదు.

ఇంతకంటె కష్టమైన ఉదాహరణ ఒకటుంది. అదే 1981 రికార్డులో తెల్లవాడుగా పుట్టడమే నేరమా అనే అర్థం వచ్చే పేరుతో ఒక పాట ఉంది. మకాయ్ నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వ పాఠశాలలో చదివాడు. తాను పుట్టకముందు జరిగిన బానిసత్వానికి తనను వేధించారన్నది ఆ పాట వెనక అనుభవం. మనిషిని రంగుతో కొలవడాన్ని ఎవరు చేసినా ఒప్పుకోనన్నదే తన ఉద్దేశమనీ, అది జాతివివక్షకు వ్యతిరేకంగా రాసిన పాటేననీ అతను తర్వాత పలుమార్లు వివరించాడు. ఆ వివరణలో నిజాయితీ ఉందనే నేను నమ్ముతున్నాను. కాని వివరణ పాటలో లేదు. పాటలో ఉన్నది ఒక తెల్ల కుర్రవాడి ఫిర్యాదు మాత్రమే. 1996లో స్లేయర్ అనే బృందం ఈ పాటను మళ్ళీ పాడుతూ చివర్లో "తెల్ల" అనే మాటను, దానికి ప్రాస కుదిరే "ఒప్పు" అనే మాటతో మార్చింది. మకాయ్ దాన్ని తప్పుబట్టాడు. అయితే అంత తేలిగ్గా తిరగబడే ఇల్లు కట్టినవాడు ఎవరు?

అనుభవం నిజమైనదే కావచ్చు. అనుభవం నిజమైనంత మాత్రాన దాని మీద కట్టిన భావం నిజం కాదు. 1980 జనాభా లెక్కల్లో వాషింగ్టన్ జనంలో సుమారు 70 శాతం నల్లవాళ్ళు. ఆ నగరానికి తన మేయరును తాను ఎన్నుకునే హక్కు 1973 చట్టంతో గాని తిరిగి రాలేదు. దేశ శాసనసభలో ఓటు వేయగల ప్రతినిధి ఆ నగరానికి ఈనాటికీ లేడు. ఆ కుర్రవాడు తరగతి గదిలో తలలు లెక్కపెట్టాడు. ఇళ్ళు, ఉద్యోగాలు, ఓట్లు ఎవరి చేతిలో ఉన్నాయో లెక్కపెట్టలేదు. పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ వయసులో అది సహజం. వయసు చెప్పి మనిషిని క్షమించవచ్చు. పాటను సమర్థించడం కుదరదు. "రచయిత ఉద్దేశం మంచిదే కదా" అని మన సమీక్షల్లో తరచు రాస్తుంటాం. ఉద్దేశం రచయిత ఇంట్లో ఉంటుంది, పాఠకుడి చేతికి వచ్చేది రచన.

నల్లవాళ్ళ బృందమైనంత మాత్రాన బ్యాడ్ బ్రెయిన్స్ ఈ పరీక్ష నుంచి తప్పించుకోదు. 1982లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, తమకు ఆతిథ్యమిచ్చిన బిగ్ బాయ్స్ బృంద గాయకుడు స్వలింగ ప్రేమికుడని వాళ్ళు చూపిన ద్వేషం పెద్ద తగవుకు దారితీసింది. దాని ప్రస్తావన చాలా ఏళ్ళు వాళ్ళను వదల్లేదు. ఒక అణచివేతను అనుభవించినవాడికి ఇంకో అణచివేత దానంతటదే అర్థమవుతుందనుకోవడం మన విమర్శలోనూ ఉన్న భ్రమే.

పశ్చిమ తీరం గురించి ఒక్క మాట. శాన్‌ఫ్రాన్సిస్కో డెడ్ కెనెడీస్ మొదటి నుంచీ బాహాటంగా రాజకీయ బృందం. దాని గాయకుడు జెల్లో బయాఫ్రా 1979లో మేయరు పదవికి పోటీ కూడా చేశాడు. 1985 నాటి ఒక రికార్డుతో ఇచ్చిన బొమ్మ అశ్లీలమంటూ 1986లో లాస్ ఏంజెలెస్‌లో అతని మీద కేసు పెట్టారు. 1987లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక కేసు కొట్టేశారు. ఆ బృందం అప్పటికే విడిపోయింది. వ్యంగ్యంలో వాళ్ళది పదునైన చెయ్యి. కాని నాకు ఆ పాటలు కార్టూన్ల లాంటివి. ఒకసారి చూసి నవ్వాక రెండోసారి చూడబుద్ధి కాదు.

వాషింగ్టన్ వాళ్ళే ఎదిగారు. 1983లో మైనర్ థ్రెట్ విడిపోయింది. ప్రదర్శనలు కొట్లాటలుగా మారిపోయాయి. 1985 వేసవిలో కొందరు ఆ వేగాన్ని తగ్గించి, గొంతులోకి కోపంతోపాటు దుఃఖాన్ని కూడా తెచ్చారు. ఆ వేసవిలోనే దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ఎదుట డ్రమ్ములూ బకెట్లూ వాయించి జాత్యహంకార ప్రభుత్వానికి నిరసన తెలిపారు. ఫిర్యాదుకు ఎట్టకేలకు సరైన చిరునామా దొరికింది. 1987లో ప్రదర్శనలు మొదలుపెట్టిన మకాయ్ కొత్త బృందం ఫుగాజీ, 2002 దాకా చాలాచోట్ల అయిదు డాలర్లకే టిక్కెట్టు పెట్టింది. పక్కవాణ్ణి తన్నేవాడికి ఆ అయిదు డాలర్లూ కవరులో పెట్టి తిరిగిచ్చి బయటికి పంపేవాళ్ళు.

ఆ తన్నులాట వల్ల ఎవరు వెనక్కి పోయారన్నది ఇంకా చెప్పవలసి ఉంది. వేదిక ముందు తోపులాట మొదలయ్యేసరికి ఆడపిల్లలు గోడల దగ్గరికి చేరేవాళ్ళు. స్నేహితుల కోట్లు పట్టుకుని నిలబడడం వాళ్ళ పనైంది. 1991 తర్వాత బికినీ కిల్ వంటి బృందాలు ఆడపిల్లల్ని ముందు వరసకు రమ్మని వేదిక మీంచి పిలవవలసి వచ్చిందంటే, పదేళ్ళపాటు ముందు వరస ఎవరిదో తెలుస్తుంది. చాక్ సర్కిల్ అనే వాషింగ్టన్ బృందంలో అందరూ స్త్రీలే. 1981 నుంచి 1983 దాకా, సరిగ్గా మైనర్ థ్రెట్ పేరు మోగిన రోజుల్లోనే, అదే నగరంలో వాయించారు. వాళ్ళ పాటలన్నీ కలిపి ఒక రికార్డుగా వచ్చింది 2011లో.