కథాసరిత్సాగరమున భిక్షువులు, విహారములు

కాశ్మీరకవియగు సోమదేవభట్టు క్రీ. శ. 11వ శతాబ్దమున, అనంతమహారాజు దేవియగు సూర్యవతి వినోదార్థము రచించిన కథాసరిత్సాగరము 18 లంబకముల మహాగ్రంథము. అందలి ప్రపంచము విద్యాధరులకును, వేతాళులకును, మంత్రసిద్ధులకును నెలవైన యద్భుతలోకము. ఆ లోకమున భిక్షువులు పలుతావుల వంచకులై కానవత్తురు. దీనినిబట్టి సోమదేవుఁడు శైవుఁ డగుటచే బౌద్ధులను నిందించెనని తలఁచుట సులభము. కాని యా తలంపు గ్రంథమునకు సరిపడదు.

12వ లంబకమందలి వేతాళకథలలోని క్షాంతిశీలుఁడు మొదటి యుదాహరణము. క్షాంతి శీలముగాఁ గలవాఁడని బహువ్రీహి. ఆ పేరు వానికిఁ దగినదే. గోదావరీతీరమందలి ప్రతిష్ఠానపురము నేలు త్రివిక్రమసేనునకుఁ బదియేండ్లు దినమున కొక ఫలము చొప్పునఁ గానుక యిచ్చుచు నోర్చియుండెను. ఒకనాఁ డొక కోఁతి ఫలమును గొఱుకఁగా నందుండి రత్నము వెడలెను. ఆ యోర్పంతయు విద్యాధరచక్రవర్తిత్వమునకై రాజును బలి యిచ్చు సన్నాహమని తుదకుఁ దెలియును. రాజో, ఇచ్చిన మాట తప్పక శింశుపావృక్షమునుండి శవమును మాటిమాటికి మోసికొని వచ్చెను. భిక్షువు కోరిన పదవి, కోరని రాజునకు దక్కెను. వ్రతము శక్తి నొసఁగును గాని యర్హత నొసఁగదని కవి తీర్పు.

దేవస్మితకథలోని యోగకరండిక బుద్ధాలయవాసిని. కుక్కకు మిరియములు పెట్టి కన్నీరు గార్పించి, అది పూర్వజన్మమునఁ బాతివ్రత్యమునే నమ్మి యింద్రియముల నడఁచుటచే నట్లు పుట్టినదని చెప్పి, దేవస్మితను జెఱుపఁ జూచెను. ఇచ్చట వేషముతోపాటు కర్మసిద్ధాంతమును దుర్వినియోగము నొందినది.

ఇఁక 6వ లంబకమునఁ దక్షశిలాధీశుఁడు కళింగదత్తుఁడు పరమబౌద్ధుఁడు. రత్నదత్తుఁడను వణిక్పుత్రుఁడు, విహారములు నీచుల కాశ్రయములని, బౌద్ధుఁడైన తండ్రిని దూఱెను. రాజు వానికి రెండునెలల గడువుతో మరణదండనము విధించెను. వాఁడు భయమున నిద్రాహారములు మాని కృశింపఁగా, ప్రాణభయము సర్వజీవులకు సమమని బోధించెను. పిమ్మటఁ దైలపూర్ణపాత్ర మిచ్చి, చుక్క రాలిన వధ తప్పదని నగరము చుట్టు త్రిప్పించెను. ఏమి చూచితివని యడుగ, వాఁడేమియుఁ జూడలేదనెను. అట్టి యేకాగ్రతయే ధ్యానమని రాజు తెలిపెను. విహారనిందను బూర్వపక్షముగా నుంచి, సిద్ధాంతమును బౌద్ధుని నోటనే పలికించిన కవి మతద్వేషి యెట్లగును?

కళింగదత్తుఁడు రాజు గాని భిక్షువు గాఁడు గదా యని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము తగినదే. కాని దానివలన సోమదేవుని మతమే స్పష్టమగును: కాషాయము లోకవిశ్వాసమును ముందుగనే పొందును గావున, దానిని ధరించినవారి ప్రయోజనము మిక్కిలి పరీక్షింపఁదగినది. ధర్మము కాషాయమునకే కట్టువడినది కాదు.

బాలురకు వేతాళకథలు చెప్పు పండితులు కళింగదత్తకథను గూడఁ జెప్పవలయును. లేనిచోఁ గవికి లేని పక్షపాతదోషము నంటఁగట్టినవా రగుదురు.