ప్రజాశబ్దమును, ఆకాశతరంగములును

శబ్దము ఆకాశమునకు గుణమని తార్కికులు చెప్పుదురు. ఆ శబ్దమును మోయు ప్రసారతరంగములు ప్రజల యాస్తి యని భారత సర్వోన్నత న్యాయస్థానము 1995 ఫిబ్రవరి 9వ తేదీని తీర్పు చెప్పెను. వివాదము క్రికెట్టాట ప్రసారమునుగూర్చి పుట్టినది. విచారము వాక్స్వాతంత్ర్యముదాఁక సాగినది. సమ్మతించుచునే వేఱుగా నభిప్రాయము వ్రాసిన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగారు తెలుఁగువారు. ప్రసారములు ప్రభుత్వముచేఁ గాక ప్రజలచే నియమింపఁబడవలె ననియు, నట్లని ధనవంతుల కప్పగింపరాదనియు వారి మతము.

ఇచట విమర్శింపవలసినది ‘ప్రజ’ యను మాట. దీనికి సంతానమనియు, రాజు పాలించు జనమనియు నర్థములు. తనపై నేలువాఁ డొకఁడు లేనిదే ప్రజ లేదు. ‘పబ్లిక్’ శబ్దమున కిట్టి యపేక్ష లేదు. కావున మనము ప్రజల యాస్తి యనునపుడు, బిడ్డలకై రాజు దాఁచియుంచిన సొమ్మను పాతయర్థము తెలియకయే వచ్చి చేరుచున్నది. ఇది నిఘంటువునందలి చిక్కు మాత్రమే యైనచో నింత వ్రాయ నక్కఱ లేదు. నిబంధనలును నీ యర్థమునే పట్టుకొన్నవి.

జహీరాబాదు చెంతనున్న మాచునూరు గ్రామమున, దళితస్త్రీల సంఘములకై డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారు యునెస్కో సాహాయ్యముతో 1998 నాఁటికే రేడియోకేంద్రమును గట్టించిరి. తీర్పు వచ్చి మూఁడేండ్లయినను ననుజ్ఞ రాలేదు. పదియేండ్లు ఆ స్త్రీలు తమ మాటలను, పాటలను, విత్తనముల సుద్దులను టేపులపై నెక్కించి సంఘసభలలో వినిపించుకొనిరి. 2006లో నిబంధనలు సడలెను. 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ 90.4 మెగాహెర్ట్‌జులపైఁ బలికెను.

ఇట్టి కేంద్రముల శక్తి సామాన్యముగా నూఱు వాట్లకు మించరాదు. హైదరాబాదు మధురానగరమునందలి మనకు వినఁబడదు. అది కొఱఁత గాదు. చుట్టుపట్ల పల్లెలకు వినఁబడుటయే దాని ప్రయోజనము. అందలి భాష వ్యాకరణమునకు లొంగదని పెదవి విఱుచు పండితులు, జొన్న కొఱ్ఱ సామలనుగూర్చి ఆ స్త్రీలాడు మాటలలో నెన్ని మన నిఘంటువుల కెక్కినవో మొదట వెదకి చూతురుగాక.

అసలు కొఱఁత వేఱు. ఇట్టి కేంద్రములు తమంతఁదాము వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను మార్పు లేక మరల వినిపింపవచ్చును. విత్తనము నిలువచేయు విధమును జెప్పవచ్చును; ఆ విత్తనమునకై నేఁడు జరిగిన రాజకీయపుఁ దగవును వార్తగాఁ జెప్పరాదు. ఇంతకును ననుజ్ఞ నిచ్చునది యెవరు? సర్వవర్గముల ప్రతినిధులుగల స్వతంత్రసంస్థ యుండవలెనని తీర్పు కోరెను. 1997లో నేర్పడిన ప్రసారభారతికి ఆకాశవాణి దూరదర్శనముల నిర్వహణమే దక్కినది. మాచునూరువంటి కేంద్రములకు ననుజ్ఞాపత్రము నేఁటికిని సమాచార ప్రసార మంత్రిత్వశాఖనుండియే రావలెను.