శ్రోతల్లో ఆమె కూడా ఉంది

పాశ్చాత్య సంగీతంలో రొమాంటిక్ యుగం గురించి రాసేవాళ్ళంతా ఒక కచేరీని తప్పకుండా తలుచుకుంటారు. 1832 డిసెంబర్ 9, పారిస్ కన్సర్వేటరీ హాలు. హెక్టర్ బెర్లియోజ్ తన 'సింఫొనీ ఫాంటాస్టిక్'ను సవరించి, దానికి కొనసాగింపుగా రాసిన 'లేలియో'తో కలిపి ఆ రోజు వినిపించాడు. సభలో హారియెట్ స్మిత్సన్ అనే ఐరిష్ నటి ఉంది. ఆ సింఫనీకి మూలం ఆమే. ఆ సంగతి హాల్లో చాలామందికి తెలుసు. ఆమెకే తెలియదు. సంగీత చరిత్రకారులు ఈ సాయంత్రాన్ని గొప్ప ప్రేమకథగా చెప్తారు, స్వరాలతో ప్రియురాలి మనసు గెలుచుకున్న కళాకారుడి విజయగాథగా. నాకు మాత్రం ఇది ఒక శ్రోత కథలా కనిపిస్తుంది. వందలమంది సంగీతం వినడానికి వచ్చిన చోట ఒక స్త్రీని అందరూ చూస్తున్నారు. ఇంతకీ ఆమె ఏం విన్నది?

ముందు సింఫనీ సంగతి. ఇందులో మాటల్లేవు, పాటగాళ్ళు లేరు. కానీ సభికులు తమకు తోచినట్టు వినడానికి బెర్లియోజ్ ఒప్పుకోలేదు. కథంతా ఒక కాగితం మీద అచ్చువేయించి హాల్లో పంచిపెట్టాడు. ఒక యువ కళాకారుడు ఒకామెను చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె ఎప్పుడు గుర్తొచ్చినా ఒక స్వరమాలికతో పాటే గుర్తొస్తుంది. నాట్యసభలో, పల్లె పొలాల్లో అది వెంటాడుతుంది. ఆమె తనని మోసం చేస్తుందేమోనని అనుమానం. నల్లమందు మింగుతాడు. ఆ మత్తులో, ఆమెను తానే చంపినట్టు, అందుకు తనని గిలొటిన్ దగ్గరికి నడిపిస్తున్నట్టు కల. చివరి భాగంలో అతని శవం చుట్టూ మంత్రగత్తెల జాతర. ఆ జాతరకి ఆమె కూడా వస్తుంది, మంత్రగత్తెగా. అంతవరకూ వయొలిన్ల మీద పవిత్రంగా వినిపించిన ఆమె స్వరమాలిక ఇప్పుడు చిన్న క్లారినెట్ మీద కీచుగొంతుతో, వెకిలి గంతులతో వస్తుంది.

అంటే చంపినవాడు అమరుడయ్యాడు, చచ్చిపోయినామె బజారుమనిషయింది. 1830 డిసెంబర్లో ఈ సింఫనీ మొదటిసారి వినిపించేనాటికి బెర్లియోజ్‌కీ స్మిత్సన్‌కీ కనీసం పరిచయం కూడా లేదు. అతను ఉత్తరాలు రాశాడు, ఆమె బదులివ్వలేదు. ఆమె గురించి ఎవరో చెప్పిన చెడ్డమాటలు నమ్మి ఆ ఏడాది ఈ ముగింపు రాశాడు. పరిచయమే లేని మనిషి చేసే మోసం ఏమిటో, దానికి శిక్ష ఏమిటో!

అసలు ఆమె ఎవరు? 1800లో ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో పుట్టింది. 1827 సెప్టెంబర్లో ఒక ఇంగ్లీషు నాటక బృందంతో పారిస్ వచ్చి 'హామ్లెట్'లో ఒఫీలియా వేసింది. ఆ ప్రేక్షకుల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు. బెర్లియోజ్‌కీ రాదు. అయినా ఒఫీలియాకి మతి చలించిన ఘట్టంలో ఆమె కళ్ళతో, చేతులతో, నడకతో చేసిన అభినయానికి హాలంతా కదిలిపోయింది. ఆమె జుట్టు అలంకరణని పారిస్ స్త్రీలు అనుకరించారట. మాట అర్థం కాని జనాన్ని మాట అవసరం లేకుండా ఏడిపించడం! ఆ తర్వాత మూడేళ్ళకి బెర్లియోజ్ ఆర్కెస్ట్రాతో చేయబోయిందీ అదే కదా. నా ఉద్దేశంలో ఈ సింఫనీ ఆమె అందం నుంచి కన్నా ఆమె వృత్తి నైపుణ్యం నుంచే ఎక్కువ తీసుకుంది. కానీ ఆమెను 'ప్రేరణ' అన్నారే తప్ప ఆ కోణంలో గురువు అనో, పూర్వ కళాకారిణి అనో ఎవరూ అనలేదు. స్త్రీ వేదిక మీద పిచ్చిని నటిస్తే అది ఆమె స్వభావం. మగవాడు కాగితం మీద పిచ్చిని రాస్తే అది మేధ.

1832 సభకి వద్దాం. ఆ సాయంత్రం గురించి అందరూ ఉదహరించే కథనాలు రెండు. ఒకటి బెర్లియోజ్ ఆత్మకథ, రెండోది జర్మన్ కవి హైనే వ్యాసం. ఇద్దరూ మగవాళ్ళే. ఆమె బండిలో కూర్చుని కార్యక్రమ పత్రం చదివిందనీ, జనం తనవైపు చూస్తుంటే ఎందుకో అర్థం కాలేదనీ, 'లేలియో'లో బొకాజ్ అనే నటుడు ప్రియురాలి కోసం తపించే మాటలు చెప్పేసరికి అది తన గురించే అని గ్రహించి కంపించిపోయిందనీ బెర్లియోజ్ రాస్తాడు. ఆమె మనసులో ఏం జరిగిందో ఆమె తరఫున అతనే చెప్పేస్తాడు. హైనే మరింత నిక్కచ్చి మనిషి. పక్కన కూర్చున్న కుర్రాడు, అదుగో ఆ బాక్సులో కూర్చున్న లావుపాటి ఇంగ్లీషావిడే స్మిత్సన్ అని తనకి చూపించాడట. (ఆమె ఇంగ్లీషామె కాదు, ఆ కుర్రాడికి ఆ తేడా అక్కర్లేదు.) ఆర్కెస్ట్రా వెనక వరసలో బెర్లియోజ్ స్వయంగా టింపనీ డోళ్ళు వాయిస్తున్నాడు. ఆమె కళ్ళు తన కళ్ళతో కలిసినప్పుడల్లా పూనకం వచ్చినవాడిలా డోలు బాదాడట.

ఈ దృశ్యాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అప్పటికి ఆమె పారిస్‌లో సొంతంగా నాటక బృందాన్ని నడపబోయి అప్పుల్లో మునుగుతోంది. తల్లి, చెల్లెలు ఆమె సంపాదన మీదే ఆధారపడ్డారు. ఎన్నో ఏళ్ళు ప్రేక్షకుల చూపుల్ని భరించడమే పనిగా బతికిన మనిషి, ఒక్కరోజు తాను ప్రేక్షకురాలిగా కూర్చుందామని వస్తే ఆ సీటు కూడా వేదికయిపోయింది. పైగా తన పాత్ర ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరి భాగంలో ఆ చిన్న క్లారినెట్ కీచుగొంతు వినిపించినప్పుడు హాలు ఎవరివైపు తిరిగి ఉంటుంది?

ఆ స్వరమాలికకి బెర్లియోజ్ పెట్టిన పేరు 'ఈదే ఫిక్స్'. వదలని ఆలోచన అని అర్థం. ఇది సంగీతం మాట కాదు, ఆనాటి ఫ్రెంచి మానసిక వైద్యుల మాట. ఎస్కిరోల్ వంటి వైద్యులు ఒకే విషయం పట్టుకుని వేలాడే ఉన్మాదాన్ని వర్ణించడానికి వాడేవారు. మన పేపర్లలో 'ప్రేమోన్మాది' అనే మాట చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. కాదన్న అమ్మాయి మీద కత్తో యాసిడో ఎత్తినవాడికి మన విలేఖరులు పెట్టిన పేరది. అందులో ఉన్మాదం కన్నా ముందు ప్రేమ ఉంటుంది చూడండి. నేరానికి ముందే సానుభూతి సిద్ధం.

పోలిక మరీ మోటుగా ఉందనుకునేవాళ్ళు 1831 సంగతి చదవాలి. అప్పటికి బెర్లియోజ్‌కి కమిల్ మోక్ అనే గొప్ప పియానో కళాకారిణితో పెళ్ళి నిశ్చయమైంది. అతను ఇటలీలో ఉండగా ఆమె ప్లెయెల్ అనే పియానోల వ్యాపారిని చేసుకుంటోందని ఉత్తరం వచ్చింది. వెంటనే పిస్తోళ్ళు, విషం, పనిమనిషి వేషానికి ఆడబట్టలు సిద్ధం చేసుకుని, ఆమెనూ, తల్లినీ, వరుణ్ణీ చంపి తానూ చావాలని పారిస్‌కి బయల్దేరాడు. దారిలో మనసు మార్చుకుని నీస్‌లో ఆగిపోయాడు. ఆత్మకథలో దీన్ని హాస్యంగా రాసుకున్నాడు. జీవితచరిత్రకారులూ హాస్యంగానే తిరిగి చెప్తారు. చంపబోయినవాడు ఆగిపోయాడు కనక మనం నవ్వుకోవచ్చట.

ఈ సింఫనీని నేను సభలో కూర్చుని విన్నది ఒక్కసారే, మన దేశం బయట. రికార్డింగులో దొరకనిది అక్కడ దొరికింది, జనం. మన కచేరీలో శ్రోత తాళం వేస్తాడు, తల ఊపుతాడు, భళా అంటాడు. అక్కడ సింఫనీ మొత్తం పూర్తయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. బెర్లియోజ్ కాలంలో ఈ నియమం లేదు, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టేవారు. ఇప్పటికీ ఆ నియమం ఒకచోట తెగిపోతుంది. నాలుగో భాగం చివర, గిలొటిన్ కిందికి వాలే ముందు, ఒంటరి క్లారినెట్ ఆమె స్వరమాలికని మొదలుపెడుతుంది. ఒక్క వాక్యం కూడా పూర్తికాకుండా ఆర్కెస్ట్రా అంతా ఒక్క దెబ్బ వేస్తుంది. తల తెగింది. తీగలు మీటిన చప్పుడు, ఆ తల దొర్లినట్టు. తర్వాత డోళ్ళు, ఇత్తడి వాద్యాల హోరు. నేనున్న హాల్లో ఆపుకోలేక సగం మంది చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళు ష్ అన్నారు. ఐదో భాగంలో క్లారినెట్ వెకిలి పాట రాగానే నా వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వించేలాగే రాశాడు మరి. ఆ నవ్వు తప్పు కాదు. కానీ ఆ నవ్వు ఎవరి మీద?

నన్ను నిలబెట్టింది మాత్రం మూడో భాగం. పొలాల్లో సాయంకాలం. మొదట్లో కోర్ ఆంగ్లే అనే మంద్రగొంతు వాద్యం ఒక కాపరి పాట పాడుతుంది, తెర వెనక నుంచి ఓబో బదులిస్తుంది. చివర్లో ఆ కాపరి మళ్ళీ పిలుస్తాడు. ఈసారి జవాబు లేదు. నలుగురు డోళ్ళమీద దూరపు ఉరుము వాయిస్తారు, అంతే. ఆ పావుగంటా దగ్గులు, కాగితాల చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి గానీ, ఆ జవాబు రాని చోట మాత్రం హాలంతా ఊపిరి బిగబట్టింది. నా దృష్టిలో ఈ సింఫనీ మొత్తంలో నిజాయితీగా ఉన్నచోటు ఇదే. జవాబు ఇవ్వకపోవడం కూడా ఒక జవాబేనని స్వరాలకి తెలుసు. కాగితం మీద కథ రాసినవాడికి తెలియలేదు. అక్కడితో ఆపలేక నల్లమందూ గిలొటినూ తెచ్చాడు.

ఆ కాగితం మీద చర్చ కొత్తదేమీ కాదు. షూమన్ 1835లో, లిస్ట్ చేసిన పియానో ప్రతి మాత్రమే చూసి పెద్ద సమీక్ష రాస్తూ, ఇలా కథ చెప్పి శ్రోత ఊహకి కళ్ళెం వేయడం తనకి నచ్చలేదన్నాడు. నిజమే. కానీ కాగితం తీసేస్తే హారియెట్ కూడా పోతుంది. 1969లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ టెలివిజన్ కోసం పిల్లలకి ఈ సింఫనీని వివరిస్తూ దాన్ని మత్తుమందు ప్రయాణంగా చెప్పాడు. ఆ కాలపు కుర్రకారుకి అది బాగానే తగిలి ఉంటుంది. అలా శ్రోతలు ఒక తరంలో ప్రేమకీ, ఒక తరంలో మత్తుకీ, ఇప్పుడు ఆర్కెస్ట్రా బలప్రదర్శనకీ చప్పట్లు కొడుతూ వచ్చారు. హత్యని మాత్రం కలే కదా అని దాటేశారు.

అదే పారిస్‌లో 1804లో పుట్టిన లూయీ ఫరెంక్ మూడు సింఫనీలు రాసింది. మూడోదాన్ని కన్సర్వేటరీ కచేరీల సంఘం 1849లో వినిపించింది. ఆ కన్సర్వేటరీలోనే పియానో ప్రొఫెసర్‌గా ఉండి, మగ ప్రొఫెసర్లతో సమాన జీతం కోసం ఏళ్ళ తరబడి అడగవలసి వచ్చింది. రొమాంటిక్ సింఫనీలో స్త్రీ ఎక్కడ ఉంది అంటే స్మిత్సన్ పేరు చెప్పేవాళ్ళు వందమంది ఉంటే ఫరెంక్ పేరు చెప్పేవాళ్ళు ఒకరో ఇద్దరో.

స్మిత్సన్ 1833 మార్చిలో బండి దిగుతూ కాలు విరగ్గొట్టుకుంది. రంగస్థలం దాదాపు మూసుకుపోయింది, అప్పులు మిగిలాయి. ఆగస్టులో, పెళ్ళికి తటపటాయిస్తున్న ఆమె కళ్ళముందే బెర్లియోజ్ నల్లమందు మింగాడు, తర్వాత కక్కించుకున్నాడు. కాగితం మీది కథ ఈసారి ఆమె ఎదుట జరిగింది. అక్టోబర్ 3న పెళ్ళయింది. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. పదేళ్ళు గడిచాక విడిపోయారు. చివరి సంవత్సరాలు పక్షవాతంతో మంచం పట్టి 1854 మార్చిలో చనిపోయింది.

హైనే తన వ్యాసం 1837లో రాశాడు. అప్పటికి మరోసారి అదే హాలుకి వెళ్ళాడు. బెర్లియోజ్ మళ్ళీ డోళ్ళ దగ్గరే ఉన్నాడు. ఆ లావుపాటి ఇంగ్లీషావిడ మళ్ళీ అదే బాక్సులో కూర్చుంది, ఇప్పుడు అతని భార్యగా. వాళ్ళ కళ్ళు మళ్ళీ కలిశాయి. డోలు మాత్రం అతను అంత ఉద్రేకంగా కొట్టలేదట.